ఏడో నెలలో హైదరాబాద్ నుంచి విజయనగరం, కారా ట్రైనా?

సిరిమువ్వ:
అందరికీ నమస్తే అండి. నాకు 29వ వారం నడుస్తోంది, మొదటి కాన్పు. సీమంతం చేసి వచ్చే వారమే పుట్టింటికి విజయనగరం తీసుకెళ్తామంటున్నారు అమ్మవాళ్ళు, ఎనిమిదో నెల పడితే కదలకూడదని మా అత్తయ్యగారు కూడా తొందరపెడుతున్నారు. మా ఆయనేమో కారైతే సామాను పడుతుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు అంటారు. కానీ 600 కిలోమీటర్ల పైనే కదా, నాకేమో గంట కూర్చుంటే నడుం పట్టేస్తోంది, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. బీపీ, షుగర్ నార్మల్. డాక్టర్ గారు వెళ్ళొచ్చు, జాగ్రత్త అని ఒక్క ముక్క అన్నారంతే. ఆ జాగ్రత్తలేంటో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బొబ్బిలి కోడలు:
ట్రైనేనమ్మా, ఆలోచించకు. విశాఖ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం సికింద్రాబాద్‌లో ఎక్కితే పొద్దున్నకి నేరుగా విజయనగరంలోనే దిగొచ్చు, వైజాగ్‌లో మారే పని లేదు. వందేభారత్ స్పీడే గానీ అందులో అన్నీ కూర్చునే సీట్లు, నడుం వాల్చడానికి ఉండదు, పైగా అది వైజాగ్ దాకానే, అక్కడ్నుంచి మళ్ళీ కారే. గర్భిణీలకి లోయర్ బెర్త్ కోటా ఉంటుంది, డాక్టర్ సర్టిఫికెట్ పట్టుకుని మీ ఆయన్ని రిజర్వేషన్ కౌంటర్‌కి పంపించు. సామాను కారులో మీ ఆయన విడిగా తెస్తారులే, నీతో మాత్రం అమ్మగారిని ఉండమను, ఒక్కదానివే వద్దు.

లేబర్ రూమ్ నర్స్:
సిరిమువ్వ గారూ, ముందు స్కానింగ్ రిపోర్ట్ తీసి మాయ (ప్లాసెంటా) కిందికి ఉందని రాశారేమో చూడండి, అలా ఉన్నా, మధ్యలో బ్లీడింగ్ కనిపించినా, కవలలైనా ప్రయాణం సంగతి డాక్టర్‌తో మళ్ళీ గట్టిగా మాట్లాడాలి. అవేం లేకపోతే ఈ నెలలో వెళ్ళడం పర్లేదు. గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, గంటల తరబడి కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పిక్కల్లో గడ్డ కట్టే ప్రమాదం ఉంది, అందుకే ట్రైన్ మంచిదంటున్నాం, లేచి రెండడుగులు వేయొచ్చు, ఎడం పక్కకి తిరిగి పడుకోవచ్చు. రెండు పాదాలూ సాయంత్రానికి కాస్త వాయడం మామూలే. ఒక్క కాలే వాచి పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే మాత్రం ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్ళాలి. ఉమ్మనీరు పోతున్నట్టున్నా, బ్లీడింగైనా, తలనొప్పితో కళ్ళు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా అంతే, ఇంటికెళ్ళాక చూద్దాం అనుకోవద్దు. ట్రైన్‌లో అయితే 139కి, రోడ్డు మీదైతే 108కి ఫోన్ చేయండి. రిపోర్టుల ఫైలు, బ్లడ్ గ్రూప్ కాగితం, మందులు సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో పెట్టుకోండి.

కూకట్‌పల్లి నుంచి:
ఫ్లైట్ ఎవరూ చెప్పలేదేంటి? వైజాగ్‌కి గంటంపావు. 32 వారాలు దాటకపోతే చాలా ఎయిర్‌లైన్స్‌లో ఇబ్బంది ఉండదు, అయినా విమానంలో వెళ్ళొచ్చని డాక్టర్‌తో ఫిట్ టు ఫ్లై లెటర్ ఒకటి రాయించుకోండి, కౌంటర్‌లో ఎన్నో వారం అని అడుగుతారు. ఒక్కో కంపెనీకి ఒక్కో రూల్ కాబట్టి టికెట్ తీసే ముందు చూసుకోండి.

సిరిమువ్వ:
థాంక్యూ అండి అందరికీ, లోయర్ బెర్త్ దొరికితే ట్రైనే. దొరక్కపోతే కార్లో వెళ్ళాల్సొస్తే సీట్ బెల్ట్ పెట్టుకోవద్దంటోంది అమ్మ, పొట్ట నొక్కుకుంటుందని. ఇంకోటి, బాత్రూమ్‌లు బాగోవని నీళ్ళు తగ్గించి తాగితే పర్లేదా?

లేబర్ రూమ్ నర్స్:
బెల్ట్ తప్పకుండా పెట్టుకోవాలండి, బ్రేక్ పడితే మిమ్మల్నీ బిడ్డనీ ఆపేది అదే. కింది పట్టీ పొట్ట మీదుగా కాదు, పొట్ట కింద తొడల మొదట్లో బిగుతుగా రావాలి, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా దిగాలి. అమ్మగారికి ఒకసారి పెట్టి చూపించండి, ఒప్పుకుంటారు. కారైతే రెండు గంటలకోసారి దిగి నడవాలి, రాజమండ్రిలో రాత్రి ఆగి పొద్దున్నే బయల్దేరితే ఇంకా మేలు. నీళ్ళు మాత్రం తగ్గించొద్దు, ఒళ్ళు ఎండిపోతే పొట్ట బిగుసుకుని నొప్పుల్లా వస్తాయి, మూత్రం ఆపుకుంటే ఇన్ఫెక్షన్ వస్తుంది. వాంతులకి ఎవరో చెప్పిన మాత్ర కూడా వేసుకోకండి. విజయనగరం చేరాక రెండు మూడు రోజుల్లోనే కాన్పు చేయించుకునే హాస్పిటల్‌కి ఫైలు తీసుకెళ్ళి ఒకసారి చూపించుకోండి, నొప్పులొచ్చిన రోజు వాళ్ళకి మీరు కొత్త కాకూడదు.