మోడల్ నుంచి కోడ్ పుట్టించే పనిముట్లు మా వంటి చిన్న బృందానికి నప్పుతాయా?

ప్రశ్న (తిరుపతి):
నమస్కారం. మేము తొమ్మిది మందిమి కలిసి చిత్తూరు జిల్లాలోని పాల డెయిరీలకు సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాము. వెన్న శాతాన్ని, ఎస్‌ఎన్‌ఎఫ్‌ను (వెన్న కాని ఘనపదార్థాల శాతం) బట్టి లీటరుకు ధర కట్టే పద్ధతి ఒక్కో డెయిరీలో ఒక్కో తీరుగా ఉంటుంది. ఈ ధరల చార్టు మారినప్పుడల్లా డేటాబేస్‌లో, సర్వర్‌లో, మొబైల్ యాప్‌లో విడివిడిగా మార్చవలసి వస్తోంది. పోయిన నెల యాప్‌లో ఒకచోట మరచిపోవడంతో రైతుల బిల్లుల్లో తేడా వచ్చి చీవాట్లు తిన్నాము. అంతా యూఎంఎల్‌లో (సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని బొమ్మలుగా చూపే ప్రామాణిక భాష) మోడల్‌గా గీసి, దాని నుంచి కోడును పనిముట్టుతోనే పుట్టించుకుంటే ఈ బాధ తప్పుతుందా?

జవాబు 1 (చిత్తూరు):
అంతా గీయడానికి మాత్రం పూనుకోకండి. ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ 1997లో యూఎంఎల్‌ను ప్రమాణంగా స్వీకరించి, 2001లో ఎండీఏను (మోడల్ ఆధారంగా సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతి) ముందుకు తెచ్చినప్పుడు, బొమ్మ గీస్తే అప్లికేషన్ దిగివస్తుందని మాలాంటివాళ్లం చాలామందిమి ఆశపడ్డాము. క్లాస్ డయాగ్రమ్ (డేటా భాగాలను, వాటి సంబంధాలను చూపే యూఎంఎల్ బొమ్మ) నుంచి టేబుళ్లు, క్లాసులు సులువుగానే వస్తాయి. మీ ధర లెక్క మాత్రం గీతల్లో ఇమడదు. దానికోసం ఒక చిన్న సొంత భాషను తయారు చేసుకోండి. «ఆవు పాలు: వెన్న 3.5, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 అయితే మూల ధర. ఆపైన వెన్న ప్రతి 0.1కి ఇంత కలుపు» అన్న వాక్యాన్ని డెయిరీ సూపర్‌వైజరు కూడా చదివి తప్పు పట్టగలడు. ఎక్స్‌టెక్స్ట్ అనే పనిముట్టులో ఆ భాషకు వ్యాకరణం రాస్తే, దాన్ని చదివి విడదీసే పార్సరుతో పాటు ఎడిటరు కూడా చేతికొస్తుంది. పైగా అది మామూలు టెక్స్ట్ కాబట్టి గిట్‌లో (ఫైళ్ల మార్పులను నమోదు చేసే పనిముట్టు) ఏ వరుస మారిందో కనిపిస్తుంది. డయాగ్రమ్‌లను భద్రపరచే ఎక్స్‌ఎంఐ ఫైళ్లను ఇద్దరు ఒకేసారి మార్చితే ఆ రెండు మార్పులను కలపడం (మెర్జ్ చేయడం) నరకం.

జవాబు 2 (తిరుపతి):
పై సలహాకు నా అనుభవం ఒకటి కలుపుతాను. పుట్టించిన కోడును మావాళ్లు చేత్తో సవరించేవారు. మళ్లీ జనరేట్ చేయగానే ఆ సవరణలన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. ఈఎంఎఫ్‌లో (ఎక్లిప్స్‌లో మోడల్ నుంచి కోడు పుట్టించే పనిముట్టు) మెథడ్ పైనున్న «@జనరేటెడ్» గుర్తు పక్కన «నాట్» అని చేరిస్తే పనిముట్టు ఆ మెథడ్ జోలికి పోదు గానీ, అలాంటివి పెరిగేకొద్దీ మోడల్ ఒకటి, కోడు ఒకటి చెబుతాయి. పుట్టించినది బేస్ క్లాసులో, చేత్తో రాసినది దాని సబ్‌క్లాసులో (బేస్ క్లాసు మీద ఆధారపడే వేరే క్లాసు) ఉంచడమే మేలు. ఇంకొక మాట: కోడు ఏ రూపంలో పుట్టాలో చెప్పే మా టెంప్లేట్లు రాసిన ఒకే ఒక్కాయన బెంగళూరు వెళ్లిపోయాక ఆరు నెలలు వాటిని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కనీసం ఇద్దరికి నేర్పించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఒక్క డెయిరీ చార్టుతో మొదలుపెడతాము. పుట్టిన కోడును గిట్‌లో పెట్టాలా?

జవాబు 2:
బిల్డ్‌లోనే (అప్లికేషన్‌ను తయారుచేసే ప్రతిసారీ) పుట్టించగలిగితే అక్కరలేదు. అయితే మొదటి రెండు మూడు నెలలు పెట్టండి; టెంప్లేటులో ఒక వరుస మారిస్తే ఎక్కడెక్కడ కోడు కదిలిందో కళ్లారా చూడవచ్చు.