సందేశాల యాప్‌కు ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ: మనమే రాసుకోవాలా, ఉన్నదాన్ని వాడుకోవాలా?

రాయగడ సభ్యుడు:
రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు కొండ గ్రామాలు తిరిగే ఆరోగ్య కార్యకర్తల కోసం మేము కొందరం కలిసి ఒక సందేశాల యాప్ తయారు చేస్తున్నాము. రోగుల వివరాలు ఉంటాయి గనుక పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలోని సర్వరు కూడా వాటిని చదవలేకుండా ఉండాలి. కార్యకర్తల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా పాత 32 బిట్ల ఆండ్రాయిడ్ ఫోన్లు, బ్లాక్ కార్యాలయాల్లో విండోస్, సర్వరు లినక్స్. మూడింటిలోనూ ఒకే తీరున నడిచే చిన్న ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని, అంటే సందేశాలను కీతో గుప్తంగా మార్చే కోడ్ కట్టను, సి భాషలో మనమే రాసుకోవాలని నా ప్రతిపాదన. పెద్ద లైబ్రరీలో మనకు అక్కరలేనిదే ఎక్కువ. 2014లో ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే పెద్ద ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం అలాంటి చోటే పుట్టింది: హార్ట్‌బీట్ అనే అదనపు సౌకర్యంలో అడిగినవారు చెప్పిన పొడవును సరిచూడనందువల్ల సర్వరు మెమరీలోని సమాచారం బయటికి పోయింది.

బరంపురం సభ్యురాలు:
రాయగడ సోదరులు పెద్ద లైబ్రరీలను అనుమానించడం వరకు ఒప్పుకుంటాను. దానికి విరుగుడు సొంత రాత అంటే మాత్రం ఒప్పుకోను. మీరు చిక్కు అనుకుంటున్న చోట చిక్కు లేదు. ఉదాహరణకు, చాచా20 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో 32 బిట్ల సంఖ్యలను కూడడం, ఎక్స్‌ఆర్ చేయడం, బిట్లను చుట్టూ తిప్పడం తప్ప మరేమీ లేదు గనుక, ఏఈఎస్ అనే మరో పద్ధతికి ప్రత్యేక ఆదేశాలు లేని పాత ప్రాసెసర్ మీద కూడా అది చురుకుగా నడుస్తుంది. సందేశం దారిలో మారలేదని సరిచూసే పాలీ1305తో కలిపి దాని వివరమంతా, పరీక్ష విలువలతో సహా, ఆర్ఎఫ్‌సీ 8439 అనే బహిరంగ సాంకేతిక పత్రంలో ఉంది.

అసలు చిక్కు కీ పుట్టే చోట ఉంది; కీ ఎవరూ ఊహించలేని యాదృచ్ఛిక సంఖ్యల నుంచి పుట్టాలి. 2006లో డెబియన్ (ఒక లినక్స్ రకం) వారి ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో, ఒక పరీక్షా పనిముట్టు హెచ్చరికలు చూపుతోందని కొంత కోడ్ తీసివేశారు. 2008 మే నెలలో అది బయటపడే వరకు ఆ యంత్రాల మీద పుట్టిన కీలకు, నడుస్తున్న ప్రోగ్రామ్‌కు యంత్రమిచ్చే ప్రాసెస్ సంఖ్య ఒక్కటే ఆధారమైంది. అంటే ఒక్కో రకం కీకి దాదాపు 32 వేల అవకాశాలే. గణితంలో తప్పేమీ లేదు. తాళం గట్టిదే, తాళంచెవులే ఊరందరి దగ్గరా ఉన్నాయి. లినక్స్‌లో యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే గెట్‌రాండమ్ 2014లో 3.17 కెర్నల్‌తో (వ్యవస్థ మూలభాగంతో) వచ్చింది. పాత ఫోన్లలో చాలావాటి కెర్నల్ అంతకన్నా పాతది. విండోస్ దారి వేరు. వాడిన కీని మెమరీలో చెరపడానికి మెమ్‌సెట్ (మెమరీని ఒకే విలువతో నింపే సి ఫంక్షన్) రాస్తే, ఆ తరువాత ఆ చోటు ఎవరూ చదవడం లేదని కంపైలర్ (కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రామ్) దాన్ని తీసివేయవచ్చు. ఇవన్నీ లిబ్‌సోడియం అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ముందే చూసుకుంది. మీ ప్రతిపాదనలో ఇవి ఎక్కడ?

సిరొంచ సభ్యుడు:
చిన్నదైతే చెడ్డదని కాదు. ట్వీట్‌నాకల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ మొత్తం వంద ట్వీట్లలో పట్టేటంత చిన్నది, ఒకరు కూర్చుని ఆసాంతం చదవగలరు. మోనోసైఫర్ అనే మరో లైబ్రరీ కూడా ఒక సి ఫైలు, ఒక హెడర్ ఫైలు మాత్రమే. అయితే ఈ రెండూ యాదృచ్ఛిక సంఖ్యలు తెచ్చుకునే పనిని మన మీదే వదిలేస్తాయి. బరంపురం సోదరి ప్రమాదకరమన్న పని సరిగ్గా అదే.

మరొక మాట. మా గడ్చిరోలి అడవుల్లో సిగ్నల్ అంతంతమాత్రం. సందేశాలు వరుస తప్పి చేరుతాయి. సిగ్నల్ యాప్ వాడే డబుల్ రాచెట్ పద్ధతిలో ప్రతి సందేశానికీ కీ మారుతుంది గనుక, ఇంకా రాని సందేశాల కీలను దాచిపెట్టాలి. ఎన్ని దాచాలో హద్దు పెట్టకపోతే, ఎవరో కావాలని పెద్ద వరుస సంఖ్య పంపి ఫోన్ మెమరీని నింపేయగలరు. లైబ్రరీ ఏదన్న ప్రశ్నకన్నా దీన్ని ముందు తేల్చండి.

రాయగడ సభ్యుడు:
యాదృచ్ఛిక సంఖ్యల మాట కాదనలేను. అయినా యాప్ రాసేవారికి లైబ్రరీ మొత్తం తెరిచి ఇవ్వడం నాకు సమ్మతం కాదు. పైన మన సొంత పొర ఒకటి, అందులో కీ తయారీ, సందేశాన్ని గుప్తపరచి మూయడం, దాన్ని తెరవడం, కీని చెరపడం అనే నాలుగు ఫంక్షన్లు. ఏ ఎన్‌క్రిప్షన్ పద్ధతి అని ఎంచుకునే వీలు ఎవరికీ ఉండదు. అడుగున లిబ్‌సోడియం, అదీ కుదించిన బిల్డ్ (అక్కరలేని భాగాలు తీసేసి తయారుచేసిన రూపం).

బరంపురం సభ్యురాలు:
పొర వరకు సరే. కుదించిన బిల్డ్‌ను ప్రతి రకం ఫోన్ మీదా ఆర్ఎఫ్‌సీ విలువలతో పరీక్షించండి. కంప్యూటర్ మీద సరిపోయిందంటే ఫోన్ మీదా సరిపోయినట్లు కాదు. ఇక కీని ఎక్కడ దాస్తారో మీరు ఇంకా చెప్పలేదు. ఆండ్రాయిడ్ 6.0కు ముందు, కీలను దాచే కీస్టోర్‌లో ఏఈఎస్ కీలకు చోటు లేదు, బ్లాక్ కార్యాలయంలో ఒకే కంప్యూటర్ మీద పలువురు కూర్చుంటారు. అంతకన్నా పాత ఫోన్లు మీ కార్యకర్తల దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్క తీసి ఇక్కడ పెడితే ఆ పొర సంగతి మాట్లాడుకుందాం.