కర్నూలు పాత బస్తీలో రాతి మిద్దెలు కూల్చకుండా రూలు పెట్టాలా?

కోటగేరి:
పాత బస్తీలో ఒక ఇల్లు చేతులు మారిందంటే ముందు వచ్చేది జేసీబీ. ద్వారబంధాలు, కంబాలు, నాపబండలు పాత సామాన్ల కొట్టుకు వెళ్లిపోతాయి. ఆ జాగాలో ఇంచు వదలకుండా మూడంతస్తులు లేస్తాయి. పెద్దమార్కెట్, పూలబజార్, షరాఫ్ బజార్ చుట్టుపక్కల సందుల్లో ఇది మనందరం చూస్తున్నదే. అందుకే అడుగుతున్నా: ఈ మిద్దెలను గుర్తించి, అనుమతి లేకుండా పడగొట్టకూడదని కార్పొరేషన్ రూలు పెట్టాలా, వద్దా?

నేనైతే పెట్టాలంటాను. ఊరి చరిత్ర అడిగితే అందరూ కొండారెడ్డి బురుజు చూపిస్తారు. అది విజయనగర కాలపు కోటలో ఒక భాగం మాత్రమే. తర్వాత బిజాపూర్ సుల్తానుల తరఫున అబ్దుల్ వహాబ్ ఖాన్ ఏలాడు, ఆయన గుమ్మజ్ (సమాధి) హంద్రీ ఒడ్డున ఉంది. ఆ తర్వాత పఠాన్ నవాబులు వచ్చారు. 1839లో చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఈస్టిండియా కంపెనీ దించేసింది. 1953 అక్టోబర్ 1 నుంచి 1956 నవంబర్ 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని మన ఊరే. ఆఫీసులకు చోటు చాలక గుడారాలు వేసిన రోజులవి.

ఇన్ని కాలాలు ఒకదాని మీద ఒకటి కనిపించేది జనం కాపురమున్న ఇళ్లలోనే. కింద రాతి గోడ, వీధివైపు అరుగు, లోపల పడసాల, పైన తర్వాతి తరం వేయించిన మద్రాస్ టెర్రస్ (చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో వేసే కప్పు), దాని మీద ఇంకో తరం కట్టిన సిమెంటు పిట్టగోడ. బురుజులో ఇది దొరకదు. వీధులన్నీ పోయి బురుజు ఒక్కటే మిగిలితే అది ట్రాఫిక్ ఐలాండ్ అయిపోతుంది.

హంద్రీగట్టు:
అన్నా, మీరు చెప్పిన చరిత్ర కాదనను. కానీ ఆ ఇంట్లో ఉండేది మేము. మా తాత కట్టించిన మిద్దె ఇప్పుడు అన్నదమ్ముల పిల్లల మధ్య ఉమ్మడి ఆస్తి. ఒకరు బెంగళూరులో, ఒకరు ఆదోనిలో. అమ్మితేనే ఎవరి వాటా వాళ్లకు వస్తుంది. మీ రూలు వస్తే ఇల్లు కొనేవాడు ఉండడు, బాగు చేయించే స్తోమత మాకు లేదు. వానాకాలం వస్తే పడసాలలో బకెట్లు పెట్టుకుంటాం. గాలీ వెలుతురూ రావాల్సిన గవాచి మీద రేకు కప్పుకున్నాం.

2009 అక్టోబర్ 2న నీళ్లు వచ్చినప్పుడు మా అమ్మ చుట్టాల డాబా ఎక్కి బతికింది. దిగువన శ్రీశైలం డ్యాంలో నిండు మట్టం 885 అడుగులు, ఆ వరదకు నీరు దాన్నీ దాటిపోయింది. ఇటు తుంగభద్ర, అటు హంద్రీ. అలాంటి చోట పైన ఇంకో అంతస్తు కావాలనుకోవడం అత్యాశా? ఈ పాత ఇల్లే ఉంచుకోమని నాకు చెప్పేవాళ్లు ఆ రాత్రి మా గేరిలో ఉండాల్సింది.

బుధవారపేట:
ఒక విషయం కలుపుతాను. బురుజు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010లో చట్టం సవరించాక అలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్లలో అనుమతి తీసుకోవాలి. అంటే కోట దగ్గర ఇళ్లవాళ్లకు ఇప్పటికే ఒక రూలు ఉంది. అది బురుజును కాపాడుతుందే గానీ ఇళ్లను కాదు. మరమ్మతుకూ అనుమతి కావాలి, రూపాయి సాయం మాత్రం లేదు. దాంతో ఇల్లు దానంతటదే కూలేదాకా వదిలేస్తారు. ఇంకో రూలు కూడా ఇలాగే వస్తే ఇంకొన్ని ఇళ్లు ఇలాగే పోతాయి.

తాపీమేస్త్రి:
నేను పాత ఇళ్ల పని చేస్తాను. అన్నిటినీ 'పాత మిద్దె' అని ఒకే గాటన కడితే ఈ చర్చ తేలదు.

బేతంచెర్ల వైపు నుంచి వచ్చిన నాపరాయితో, గానుగ సున్నంతో కట్టిన గోడ వేరు. మట్టి అడుసుతో పేర్చి పైన సున్నం పూసిన గోడ వేరు. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. వరద తర్వాత నేను చూసినంతలో సున్నంతో కట్టినవి తడిసి ఆరి నిలబడ్డాయి. అడుసు గోడలకు కింది వరసల్లో మట్టి కరిగిపోయి, పైన రాయి బరువుకు కడుపు ఉబ్బినట్టు ముందుకు వచ్చాయి. అలాంటి ఇంట్లో మనుషులను ఉండమనడం పాపం. దాన్ని దించేయాల్సిందే.

బాగున్న గోడలను పాడుచేస్తున్నది ఎక్కువగా సిమెంటు ప్లాస్టరింగ్. సున్నపు గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఆగిపోయి, ఉప్పు పొంగి, రాయి పొరలు పొరలుగా రాలుతుంది. ఓనరు 'పాత గోడ, పని అయిపోయింది' అనుకుని కూల్చేస్తాడు. మిద్దె కారడం కూడా అంతే. మునుపు ఏటా వానలకు ముందు పైన చవుడు తోలించి సర్దేవాళ్లు. అది మానేసి మట్టి మీదే కాంక్రీటు పోశారు. కింద దూలాలు ఆ బరువు ఎంతకాలం మోస్తాయి?

హంద్రీగట్టు అన్నా, మీ ఇల్లు కారుతోందంటే పోయిందని కాదు. కూల్చేముందు ఒకచోట ప్లాస్టరింగ్ చెక్కించి లోపల సున్నమా అడుసా చూపించుకోండి. సున్నమైతే కప్పు మార్చి, గోడలు ఉంచి, వెనక ఖాళీ జాగాలో పిల్లర్లతో రెండంతస్తులు లేపుకోవచ్చు. అలాంటి పనులు జరుగుతున్నాయి. చిక్కల్లా సున్నం పని తెలిసిన చేతులు తగ్గిపోవడమే.

కోటగేరి:
మేస్త్రి గారు చెప్పాక నా మాట ఇంకా గట్టిగా చెబుతాను. రూలు కావాలి, కానీ డబ్బు లేని రూలు వద్దు. పుదుచ్చేరిలో వైశ్యాల్ వీధిలో ఇళ్ల ముందుభాగాలు బాగు చేయించినప్పుడు ఖర్చులో ఓనర్లు కొంత పెట్టుకున్నారు, మిగతాది ప్రాజెక్టు పెట్టింది. ఆ పనికి 2008లో యునెస్కో అవార్డు వచ్చింది. అహ్మదాబాద్‌లో పాత ఇల్లు కూల్చకుండా ఉంచిన ఓనరు, తాను కట్టుకోని అంతస్తుల హక్కును వేరేచోట కట్టేవాళ్లకు అమ్ముకోవచ్చు. మన రాష్ట్రంలో రోడ్డు వెడల్పులో జాగా పోయినవాళ్లకు ఇలాంటి హక్కునే టీడీఆర్ బాండ్లుగా ఇస్తున్నారు. రోడ్డుకు జాగా ఇచ్చినవాడికి బాండు ఉన్నప్పుడు, ఊరి కోసం గోడ నిలిపినవాడికి ఎందుకు ఉండకూడదు?

కాపాడాల్సింది కూడా ఇల్లంతా కాదు. వీధివైపు గోడ, అరుగు, ద్వారబంధం, వీలైతే పడసాల కంబాలు. వెనక ఓనరు ఇష్టం. గోడ అడుసుదని ఇంజనీరు తేలిస్తే ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, దించనివ్వాలి.

పూలబజార్:
అరుగు అంటున్నారు, నాది చిన్న షాపు. అరుగు ఉంచితే షట్టరు ఎక్కడ పెట్టాలి? మా సందులో ఆటో, బండి ఎదురెదురు వస్తే గంట టెన్షన్. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది మీరు కాపాడమంటున్న ముందు గోడలే.

కోటగేరి:
అందుకే కాపాడాల్సిన ఇళ్ల లిస్టు ముందు కావాలి, రోడ్డు వెడల్పు మార్కింగ్ తర్వాత. మార్కింగ్ పడ్డాక అడిగితే ఏ అధికారీ వినడు. పైగా ఆ సందులు బండ్ల కోసం వేసినవి కావు. ఎంత వెడల్పు చేసినా పెద్ద మార్కెట్లో లారీ తిరగదు. సరుకు దించే టైము పొద్దున్నే పెట్టి, పార్కింగ్ బయట ఇస్తే సగం ఇబ్బంది తగ్గుతుంది.

హంద్రీగట్టు:
మేస్త్రి అన్నా, ఆదివారం మా ఇంటికి వచ్చి ఆ ప్లాస్టరింగ్ చెక్కి చూడండి. కోటగేరి అన్నా, బాండు సంగతి కాగితం మీదకు వచ్చేదాకా నేను రూలుకు ఒప్పుకోను. సున్నమని తేలితే మాత్రం అమ్మకం ఈ ఏడాదికి ఆపమని మా వాళ్లకు చెబుతాను. అంతకన్నా ఎక్కువ మాట ఇవ్వలేను, వాటాదారులు నా ఒక్కడి చేతిలో లేరు.