నల్ల కారుకి సిరామిక్ కోటింగ్ చేయించాలా, ఆ డబ్బు దాచుకోవాలా?

నల్లకారు_కష్టాలు:
కారు కొని ఐదు వారాలైంది. నలుపు. నలుపు వద్దురా, తుడవలేక చస్తావ్ అని ఇంటిల్లిపాదీ చెప్పారు, వినలేదు, సరే అది నా ఖర్మ. బండి చేతికిచ్చే రోజున షోరూమ్‌వాళ్లు సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పూసి ఆరబెట్టే పారదర్శకమైన ద్రవం) గురించి అరగంట చెప్పారు. 9హెచ్ గట్టిదనం, గాజులాంటి పొర, గీతలు పడవు, ఐదేళ్లు గ్యారంటీ, అసలు కడగాల్సిన పనే పెద్దగా ఉండదు అని. రేటు విని నవ్వి వచ్చేశాను.

ఇప్పుడు నవ్వు రావట్లేదు. నిన్న సాయంత్రం ఎండ ఏటవాలుగా బానెట్ మీద పడుతుంటే చూశాను, సాలెగూడులా గుండ్రంగా సన్నటి గీతలు, వందల్లో. అనుమానం వచ్చి రాత్రి ఫోన్ టార్చ్ వేసి చూస్తే ఆ వెలుగు చుట్టూ ఇంకా ఘోరంగా కనబడ్డాయి. ఐదు వారాల బండికి! నేనేమీ మొరటుగా వాడను. రోజూ పొద్దున్నే బయల్దేరే ముందు పొడి గుడ్డతో ఒక రౌండు దుమ్ము తుడుస్తాను, వారానికోసారి బకెట్టు నీళ్లతో కడుగుతాను, అంతే. రూఫ్ మీద పిట్ట రెట్ట ఒకటి రెండు రోజులు అలాగే ఉండిపోయింది, తర్వాత కడిగాను కానీ దాని అంచు మాత్రం పోలేదు, వేలితో రాస్తే చిన్న మెట్టులా తగులుతోంది.

కారు ఎప్పుడూ ఎండలోనే, షెడ్డు లేదు. ఏడెనిమిదేళ్లు వాడాలని అనుకుంటున్నా. కోటింగ్ చేయిస్తే ఈ గీతలు ఆగుతాయా? ఐదేళ్లు అనేది నిజమేనా? చిన్న సీసాల్లో కూడా అమ్ముతున్నారు కదా, మనమే పూసుకుంటే కొంప మునుగుతుందా? వాడినవాళ్లు చెప్పండి, అమ్మేవాళ్లు వద్దు. అమ్మేవాళ్లయినా సరే, నిజం చెబుతానంటే.

మైక్రాన్_మామ:
తమ్ముడూ, ముందు ఆ పొడి గుడ్డ అవతల పారెయ్. నీ గీతలకి కారణం అదే. దుమ్ము అంటే మెత్తగా కనబడుతుంది కానీ అందులో ఉండేది ఇసుక పొడి, నువ్వు రోజూ పొద్దున్నే ప్రేమగా గరుకు కాగితం పెట్టి రుద్దుతున్నావన్నమాట.

ఇక 9హెచ్ సంగతి. ఇది విని చాలామంది వజ్రానికి ఒక్క మెట్టు కింద అనుకుంటారు, ఎందుకంటే ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద 9 అంటే కురువిందం, 10 వజ్రం. కానీ ఇది ఆ స్కేలు కాదు. ఇది పెన్సిల్ పరీక్ష. నిజంగానే పెన్సిల్. రకరకాల గట్టిదనం ఉన్న పెన్సిళ్లు తీసుకుని 45 డిగ్రీల కోణంలో పూత మీద నొక్కి తోస్తారు, ఏ పెన్సిల్ దాకా గీత పడలేదో ఆ అంకె వేస్తారు. పెన్సిల్లో ఉండేది గ్రాఫైటూ బంకమట్టీ. రోడ్డు దుమ్ములో ఉండేది క్వార్ట్జ్, అది మోస్ మీద 7. పెన్సిల్‌ని తట్టుకున్నంత మాత్రాన ఇసుకని తట్టుకోవాలని ఎక్కడుంది?

మందం కూడా చూడు. కంపెనీ పెయింట్, ప్రైమర్ నుంచి పైన రంగులేని క్లియర్ కోట్ దాకా కలిపి, సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ ఒక్కటే 40, 50 మైక్రాన్లు ఉంటుంది, మెరిసేదీ ఎండని ఆపేదీ అదే. సిరామిక్ కోటింగ్ ఆరాక మిగిలేది ఒక మైక్రాన్, మహా అయితే రెండు. తల వెంట్రుకని నిలువునా యాభై ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత. అది రాయి దెబ్బని ఆపుతుందా, తాళంచెవి గీతని ఆపుతుందా? గీతలే నీ భయమైతే అడగాల్సింది పీపీఎఫ్ గురించి, అంటే పెయింట్ మీద అంటించే పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్మ్, దాని మందం 150 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది, మంచి రకమైతే సన్న గీతలు ఎండ వేడికి వాటంతటవే పూడుకుపోతాయి కూడా. కాకపోతే రేటు విని నువ్వు మళ్లీ నవ్వుతావ్.

బకెట్‌బాబు:
నేను వాడుతున్నా, రెండేళ్ల పైమాటే, నాదీ ముదురు రంగే. మామగారు చెప్పింది నిజమే కానీ అది విని అంతా దండగ అనుకోకండి. గీతల కోసం చేయిస్తే దండగ. కడుక్కోవడం కోసం చేయిస్తే మాత్రం నాకైతే కడిగిన ప్రతిసారీ సుఖంగా ఉంది. బురదలో తిరిగి వచ్చి గొట్టంతో నీళ్లు కొడితే సగం బురద ముట్టుకోకుండానే జారిపోతుంది. ముట్టుకోకుండా పోయింది అంటే రుద్దే పని తగ్గింది, రుద్దుడు తగ్గితే గీతలూ తగ్గాయి. అలా దొడ్డిదారిన గీతలకి కూడా కొంత పనికొస్తుంది అనుకోండి. ఇంతకుముందు గంటన్నర పట్టే పని ఇప్పుడు నలభై నిమిషాల్లో అయిపోతోంది.

కడగక్కర్లేదు అన్నవాణ్ణి మాత్రం నమ్మొద్దు. కడగాలి. దుమ్ము కోటింగ్ మీద కూడా పడుతుంది, దానికి మొహమాటం లేదు.

నాకు దెబ్బ ఎక్కడ తగిలిందంటే నీటి మరకల దగ్గర. ఒకసారి పచ్చిక తడిపే స్ప్రింక్లర్ పక్కన బండి పెట్టి లోపలికి వెళ్లాను, బోరు నీళ్లు, మిట్టమధ్యాహ్నం. వచ్చి చూసేసరికి ఎడమవైపు రెండు తలుపుల మీదా తెల్లటి సున్నం ఉంగరాలు, ఒక్కోటీ శనగ గింజంత. కోటింగ్ ఉంటే నీళ్లు పరుచుకోకుండా గుండ్రంగా ముత్యాల్లా నిలబడతాయి కదా, వీడియోల్లో చూసి మనం మురిసిపోయేది అదే. ఆ ముత్యం ఎండలో ఎండిపోతే దాన్లో ఉన్న కాల్షియం, మెగ్నీషియం అంతా ఒక్కచోటే గడ్డకడుతుంది. కోటింగ్ లేని కారుకీ మరకలు పడతాయి, ఉన్న కారుకీ పడతాయి. వెనిగర్‌లో నీళ్లు కలిపి తడిపిన గుడ్డ కాసేపు ఆనించి, తర్వాత బాగా కడిగితే చాలావరకు పోయాయి. రెండు మూడు మాత్రం లోపలికి తినేశాయి, అవి పాలిష్ పెడితే గానీ పోలేదు, పాలిష్ పెట్టిన చోట కోటింగ్ కూడా పోయింది, అదొక తద్దినం. మీ కారు ఎండలో ఉంటుంది అన్నారు కాబట్టి ఇది ముందే చెబుతున్నా.

వ్యాక్స్_వీరుడు:
వద్దు. మంచి సీలెంట్ (వ్యాక్స్‌లా చేత్తో రాసుకునే పూత) ఒకటి కొని నాలుగైదు నెలలకోసారి రాసుకోండి, ఆదివారం పొద్దున్న రెండు గంటల పని. నీళ్లు అలాగే జారతాయి, మెరుపూ వస్తుంది, మరక పడితే ఏడుపు లేదు, మళ్లీ రాసుకోవడమే. ఐదేళ్లు పనిచేసేదానికి ప్రతి ఏడాదీ మెయింటెనెన్స్‌కి ఎందుకు రమ్మంటారో ఆ షోరూమ్‌వాళ్లని ఒక్కసారి అడగండి.

పాలిషర్_చేయి:
నేను ఈ పనే చేస్తాను, డీటెయిలింగ్, అంటే కార్లు శుభ్రం చేసి పాలిష్, కోటింగ్ చేయడం. అమ్మేవాణ్ణే కాబట్టి ఆ లెక్కలోనే చదవండి.

మీరు ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం సీసాలో ఉన్న ద్రవానికి కాదు, దానికి ముందు జరిగే పనికి. లేదా జరగాల్సిన పనికి. కోటింగ్ పారదర్శకంగా ఉంటుంది, కింద ఏముంటే అదే కనబడుతుంది. ఇప్పుడు మీ బానెట్ మీద ఉన్న సాలెగూళ్ల మీద పూస్తే అవి అలాగే భద్రంగా కోటింగ్ కింద ఉండిపోతాయి. అందుకే ముందు బాగా కడగాలి, ఐరన్ రిమూవర్ కొట్టాలి (బ్రేకుల నుంచి వచ్చే ఇనుప రజను పెయింట్‌లో గుచ్చుకుని ఉంటుంది, ఆ మందు తగలగానే ఊదారంగు కన్నీళ్లు కారుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది, వాసన మాత్రం భరించలేం), ఆ తర్వాత క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి మట్టి ముద్ద) రాయాలి, ఆ తర్వాత డీఏ పాలిషర్‌తో (గుండ్రంగా ఊగుతూ తిరిగే పాలిష్ మెషిన్) గీతలు తీయాలి, చివర్లో పాలిష్ జిడ్డు మొత్తం ఆల్కహాల్ కలిపిన ద్రవంతో తుడిచేయాలి. జిడ్డు మిగిలితే కోటింగ్ పెయింట్‌ని పట్టుకోదు, జిడ్డుని పట్టుకుంటుంది. ఇంత పనికి నాకు ఒక రోజు పూర్తిగా పడుతుంది, నలుపైతే రెండు. పొద్దున ఇవ్వండి సాయంత్రానికి ఇచ్చేస్తాం అన్నారంటే ఏ మెట్టు ఎగ్గొట్టారో మీరే ఊహించుకోవచ్చు.

ఒక టిప్పు. క్లే అవసరమా కాదా తెలియాలంటే, కడిగి ఆరిన బానెట్ మీద చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి మెల్లగా రాయండి. ఒట్టి చేతికి నున్నగా అనిపించింది కాస్తా కవర్‌తో గరగరలాడుతుంది.

గ్యారంటీ కాగితం మాత్రం ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చదవండి. నీటి మరకలు, పిట్ట రెట్టలు, చెట్ల జిగురు, కడిగేటప్పుడు పడ్డ గీతలు వర్తించవు అని చాలావాటిలో ఉంటుంది. అవన్నీ తీసేస్తే ఇక మిగిలింది ఏమిటని నన్నడగొద్దు. బాగా చూసుకుంటే నేను చేసిన బళ్ల మీద రెండు మూడేళ్లు పని కనబడింది. ఎప్పుడూ ఎండలో ఉండి, ఏ సబ్బు దొరికితే దాంతో కడిగే బండికి ఏడాది దాటితే గొప్పే.

నల్లకారు_కష్టాలు:
అందరికీ థాంక్స్, ముఖ్యంగా పొడి గుడ్డ విషయంలో, సిగ్గేసింది. కవర్ పరీక్ష ఇప్పుడే చేశా, డిక్కీ మూత గరగరలాడుతోంది, బానెట్ ఫర్వాలేదు. రెండు డౌట్లు. కొత్త బండికే పాలిష్ పెట్టిస్తే ఆ 40 మైక్రాన్ల క్లియర్ కోట్ అరిగిపోదా? రెట్ట మరక పోతుందా? కోటింగ్ ఉండి ఉంటే ఆ మరక పడేది కాదా?

పాలిషర్_చేయి:
అరుగుతుంది, అందుకే కొత్త బండికి మెత్తటి ప్యాడ్, సన్న పాలిష్ చాలు అంటాం. అలాంటి తేలిక పాలిష్‌తో పోయేది ఒకటి రెండు మైక్రాన్లు. ఏటా గట్టి కాంపౌండ్ (గరుకు పాలిష్) పెట్టి మెరిపించుకునేవాళ్లు ఉన్నారే, వాళ్లు కంగారు పడాలి. బానెట్ మీద గీత ఒక్కటీ మిగలకూడదని పట్టుబట్టకండి. లోతైనవి నాలుగు వదిలేస్తే నష్టం లేదు, క్లియర్ కోట్ మిగులుతుంది.

రెట్టలో యూరిక్ యాసిడ్ ఉంటుంది, దానికి తోడు ఎండలో పెయింట్ వేడెక్కి మెత్తబడి వ్యాకోచిస్తుంది, సాయంత్రం చల్లబడి, ఎండిపోయిన ఆ రెట్ట చుట్టూ దాని ఆకారంలోనే బిగుసుకుంటుంది. వేలికి మెట్టులా తగిలేది అదే. కోటింగ్ ఉంటే మీకు కొన్ని గంటల గడువు ఎక్కువ దొరికేది, రెండు రోజులకి మాత్రం అదీ సరిపోదు. ఈసారి రెట్ట పడితే తడి మైక్రోఫైబర్ గుడ్డ ఐదు నిమిషాలు దాని మీద పరిచి, నానాక ఎత్తేయండి, రుద్దొద్దు. ఉన్న మరక పాలిష్‌తో తగ్గుతుంది, పూర్తిగా పోతుందో లేదో చూస్తే గానీ చెప్పలేను.

మైక్రాన్_మామ:
తమ్ముడూ, నా మాట వింటే ముందు కడగడం నేర్చుకో. రెండు బకెట్లు, ఒకదాన్లో షాంపూ ఒకదాన్లో ఒట్టి నీళ్లు, మిట్ (చేతికి తొడుక్కుని కడిగే మెత్తటి తొడుగు) మురికైన ప్రతిసారీ ఒట్టి నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచు. పైనుంచి కిందికి రా, తలుపుల అడుగు భాగం చివర్లో. గిన్నెలు తోమే సబ్బు వద్దు, పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) కారు షాంపూ. పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి నీళ్లు పీల్చనివ్వు, ఎండలో వదిలేయకు. మూడు నెలలు ఇలా కడిగి, కొత్త గీతలు పడట్లేదు అని నీకు నమ్మకం కుదిరాక కోటింగ్ సంగతి ఆలోచించు. కడగడం రాకుండా ఎంత ఖరీదైన కోటింగ్ వేయించినా ఆరు నెలల్లో మళ్లీ ఇదే సాలెగూడు, కాకపోతే ఈసారి సాలెగూడు కోటింగ్‌ది.

బకెట్‌బాబు:
మనమే పూసుకోవచ్చా అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు. పూసుకోవచ్చు. నీడలో, పెయింట్ చల్లగా ఉన్నప్పుడు, ఒక్కసారికి రెండడుగుల చదరం మించకుండా. పూశాక నీటి మీద నూనె తేలినట్టు రంగులు ఆడతాయి, అప్పుడు తుడవాలి, ఎప్పుడు అనేది సీసా మీద ఉంటుంది కానీ ఎండాకాలం ఒకలా వానాకాలం ఒకలా ఉంటుంది, ఎందుకంటే అది గాల్లో తేమతోనే గట్టిపడుతుంది. ఆ తర్వాత ఒక రోజు నీళ్లు తగలకూడదు, వారం షాంపూ వద్దు. షెడ్డు లేని మీకు కష్టం అదే. ఎవరి షెడ్డైనా ఒక్కరోజు అడగండి.

నల్లకారు_కష్టాలు:
అప్‌డేట్. బానెట్, రూఫ్ ఇప్పుడే ముట్టుకోను, మామగారు చెప్పినట్టు ముందు బకెట్లే. చెయ్యి తిరుగుతుందేమో చూద్దామని చిన్న సీసా కొని స్నేహితుడి షెడ్డులో ఒక్క డిక్కీ మూతకి క్లే, పాలిష్ చేసి పూశా. బాగానే వచ్చింది, నంబర్ ప్లేటు పైన ఒక్కచోట మాత్రం బొటనవేలంత మేర మసగ్గా, మచ్చలా ఉండిపోయింది. తుడిస్తే పోవట్లేదు. పూసి ఇరవై నిమిషాలైంది. ఏం చేయాలి?

పాలిషర్_చేయి:
హై స్పాట్, అంటే కోటింగ్ ఎక్కువై తుడవకుండా మిగిలిపోయిన చోటు. ఫోన్ పక్కన పెట్టండి. అదే కోటింగ్ రెండు చుక్కలు దాని మీదే మళ్లీ పూసి, పాతది మెత్తబడగానే కొత్త గుడ్డతో తుడిచేయండి. రేపటిదాకా ఆగితే పాలిషర్ కావాలి.

నల్లకారు_కష్టాలు:
పోయింది! చేతులు వణికాయి కానీ పోయింది.