కెల్లీ గ్రిడ్‌ని తెలుగులో చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్కారమండీ. దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టుకి అమెరికన్ సైకాలజిస్టు జార్జ్ కెల్లీ 1955లో ప్రచురించిన పర్సనల్ కన్‌స్ట్రక్ట్ సిద్ధాంతం తీసుకున్నాను. ప్రతి మనిషీ లోకాన్ని తన సొంత కొలతలతో, రెండు కొసలున్న కొలతలతో చూస్తాడని ఆయన వాదన. ఆ కొలతల్ని బయటికి తీసి, మనుషుల్నీ కొలతల్నీ ఒక పట్టికలో పెట్టడమే గ్రిడ్. అందుకోసం తెలిసినవాళ్లలో ముగ్గురి పేర్లు చీటీల మీద రాసి, ‘ఏ ఇద్దరు ఒకలా ఉంటారు, మూడోవారు ఎందులో వేరు?’ అని అడగాలి.

ముందు మా అమ్మ మీద ప్రయత్నించాను. పిన్నీ, నాన్నమ్మా ‘కలుపుగోలు మనుషులు’ట. మరి మేనత్త? ‘లెక్క మనిషి’ అంది! నేను ‘ముభావం’ అంటుందనుకున్నాను. నిఘంటువులో వ్యతిరేకపదం ఏదైనా సరే, కెల్లీ లెక్కన అమ్మ చెప్పిందే అమ్మ కొలత. అంతవరకు బాగానే ఉంది.

టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. మిగతా చీటీలకి మాటకు బదులు కథలు చెబుతోంది. మేనత్త పెళ్లిలో గొడవ ఒక్కటే అరగంట పట్టింది. అందులోంచి నేనే ఒక మాట ఏరి రాస్తే అది అమ్మ కొలతా, నాదా? ‘ఒక్క మాటలో ఏమంటావు?’ అని చివర్లో అడగొచ్చా, లేక అది నేను తోసినట్టవుతుందా?

ఇంకోటి. ఒక కొస 1, రెండో కొస 7 అనుకుని ఒక్కొక్కరికీ మార్కులు వేయమంటే అందరికీ మధ్యలో 4 వేస్తోంది. కెల్లీ మొదట వాడినట్టు, ఆ మాట వర్తించేవాళ్లకి టిక్కు, మిగతావాళ్లకి ఖాళీ, అలా టిక్కులతోనే సరిపెట్టనా? ఇంకా పదిమందిని అడగాలి, కాస్త చెప్పండి.