ఒకే సూటు కొనాలా, ఉన్న డబ్బుతో నాలుగు చొక్కాలు కొలతకు కుట్టించుకోవాలా?

కొత్త_ఉద్యోగి:
అమ్మకాల విభాగంలో చేరబోతున్నాను. ఇప్పటిదాకా కంప్యూటర్ ముందు పని కాబట్టి ఏం వేసుకున్నా అడిగేవారు లేరు. ఇకపై వారంలో సగం రోజులు బయటి కంపెనీల పెద్దలను కలవాలి. చేతిలో ఉన్న డబ్బుకు రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒక సూటు కొనడం, లేదా నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు, ఒక జత తోలు బూట్లు కొని బట్టలన్నిటినీ దర్జీ చేత ఒంటికి సరిచేయించుకోవడం. మా అన్నయ్య సూటే కొనమంటున్నాడు. స్నేహితులేమో సూటులో వెళితే బీమా పాలసీ అంటగట్టడానికి వచ్చానని అనుకుంటారని నవ్వుతున్నారు. మీరేమంటారు?

నీలికోటు:
మీ అన్నయ్య మాట వినండి. అవతలివాళ్లు మామూలు చొక్కాల్లో ఉన్నారనుకోండి, టై తీసి జేబులో పెట్టుకోవచ్చు, కోటు కుర్చీకి తగిలించవచ్చు. వాళ్లే సూట్లలో ఉండి మీరు చొక్కాతో వెళితే ఏం చేస్తారు? అక్కడికక్కడ కోటు పుట్టించలేరు కదా. తీసేయడానికి వీలున్నంత, తొడుక్కోవడానికి వీలుండదు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019 చివర్లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. అవే ముఖాలను కాస్త ఖరీదుగా కనిపించే బట్టలతో ఒకసారి, సాదాగా కనిపించే బట్టలతో ఒకసారి చూపించారు. ఖరీదు బట్టల్లో ఉన్నప్పుడు ఆ మనిషి ఎక్కువ సమర్థుడిగా కనిపించాడు. చూపింది 129 మిల్లీసెకన్లే అయినా అదే ఫలితం. బట్టలను పట్టించుకోవద్దని ముందే చెప్పినా అదే. 2013లో వచ్చిన మరో అధ్యయనంలో మంచి సూటు వేసుకున్న మనిషికి ఆత్మవిశ్వాసం, విజయం, జీతం అన్నిట్లో ఎక్కువ మార్కులు పడ్డాయి. ఇంకేం కావాలి?

సందేహి:
ఆ 2013 అధ్యయనం మీ వాదనకు పనికిరాదు నీలికోటు గారూ. అక్కడ పోల్చింది సూటునూ చొక్కానూ కాదు. రెండు ఫొటోల్లోనూ సూటే ఉంది. ఒకటి కొలతలు తీసి కుట్టించినది, రెండోది కొట్టులో కొన్న రెడీమేడ్. రెంటికీ పైకి పెద్ద తేడా కూడా లేదు. ముఖం కనబడకుండా చేసి, కొన్ని సెకన్లే చూపించారు. గెలిచింది కుట్టించిన సూటు. అంటే ఆ ఫలితం కొలతకు ఓటు వేసిందే తప్ప సూటుకు కాదు. ఈ అబ్బాయి రెండో దారి కూడా కొలత దారే కదా!

మీరు వదిలేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ అధ్యయనంలో అన్ని గుణాల్లోనూ తేడా కనిపించింది గానీ, నమ్మదగిన మనిషా కాదా అన్న ఒక్క దాంట్లో కనిపించలేదు. అమ్మకాల పనిలో అసలు సరుకు అదే.

నీలికోటు:
నమ్మకం మాటల్లో పుడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ మాటలు వినడానికి కూర్చోబెట్టేది సమర్థుడన్న అభిప్రాయమే. ప్రిన్స్‌టన్ ఫలితానికి మీ దగ్గర జవాబు లేదు.

తీరిక:
వేసుకున్నవాడి బుర్ర కూడా చురుగ్గా మారుతుందట కదా? డాక్టర్లు వేసుకునే తెల్లకోటు తొడిగితే జనం తప్పులు తక్కువ చేశారని ఎక్కడో చదివాను.

సందేహి:
అది 2012 నాటి ప్రయోగం. 2019లో ఇంకొకరు ఎక్కువమందితో మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. దాన్ని పక్కన పెట్టండి.

కత్తెర:
కుట్టుపనిలోనే తల నెరిసినవాణ్ణి. పరిశోధనలు మీరు చూసుకోండి, నేను గుడ్డ గురించి చెబుతాను.

ఒకే సూటుతో వారంలో సగం రోజులు తిరిగితే ముందుగా పోయేది ప్యాంటు. తొడల మధ్య అరుగుతుంది, కూర్చునే చోట మెరుపు తేలుతుంది. కోటు మాత్రం కొత్తగానే ఉంటుంది. అదే రంగు, అదే నేత గుడ్డ మళ్లీ దొరకదు. అంటే సగం సూటు మిగులుతుంది. ఉన్నికి విశ్రాంతి కావాలి. ఒకరోజు వేసుకుంటే మర్నాడు హ్యాంగరుకు వేలాడాలి, అప్పుడే ముడతలు వాటంతటవే దిగుతాయి. రెండో ప్యాంటుతో కలిపి అమ్మే సూటు దొరికితే అది వేరే మాట.

తక్కువ డబ్బుకు వచ్చే కోట్లలో ముందుభాగం నిలబడటానికి లోపల వేసే పొరను జిగురుతో అంటిస్తారు. ఖరీదైన వాటిలో ఆ పొరను దారంతో కుడతారు. జిగురు కోటు బాగానే ఉంటుంది, కొన్నాళ్లు. వేడికీ డ్రైక్లీనింగుకూ ఆ జిగురు వదిలిందంటే ఛాతీ మీద బుడగలు లేస్తాయి. ఆ బుడగలను ఏ ఇస్త్రీ పెట్టె అణచలేదు.

సూపర్ 100, సూపర్ 150 అని లేబులు మీద రాసి ఉంటుంది. ఎక్కువ అంకె అంటే ఎక్కువ కాలం మన్నుతుందని చాలామంది అనుకుంటారు. ఆ అంకె చెప్పేది ఉన్ని పోగు సన్నదనాన్ని. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సూపర్ 100లో పోగు 18.75 మైక్రాన్లకు మించకూడదు, సూపర్ 150లో 16.25కు మించకూడదు. పోగు సన్నబడితే గుడ్డ మెత్తగా జారుతుంది, అంతే త్వరగా నలుగుతుంది, అరుగుతుంది. రోజూ తిరిగే పనికి సూపర్ 100, 110 చాలు.

ఇక కొలత. కోటు గానీ చొక్కా గానీ, భుజం కుట్టు భుజపు ఎముక ఆగే చోటే ఆగాలి. కిందికి జారితే అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది, లోపలికి వస్తే తమ్ముడిది తొడుక్కున్నట్టు ఉంటుంది. కోటు భుజం సవరించడమంటే సగం కోటు మళ్లీ కుట్టడమే, ఆ పని పెట్టుకోకండి. నడుము, చేతి పొడవు, ప్యాంటు అంచు తర్వాత సరిచేయవచ్చు. కోటు గుండీ పెట్టినప్పుడు పొట్ట మీద గుండీ నుంచి నాలుగు వైపులా ముడతలు పాకితే బిగుతు. మెడ వెనుక చొక్కా కాలరుకూ కోటు కాలరుకూ మధ్య ఖాళీ కనిపిస్తే ఆ కోటు మీది కాదు, అక్కడే వదిలేసి రండి.

చొక్కా కాలరు గుండీ పెట్టాక మెడకూ కాలరుకూ మధ్య ఒక వేలు దూరాలి. చేతి చివర ఉండే పట్టీ మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. వెనుక గాలి నిండినట్టు ఉబ్బితే గుడ్డను మడిచి కుట్టే డార్టులు రెండు వేయించండి, చిన్న పని. ఒక మాట మరిచిపోవద్దు. కొత్త నూలు చొక్కాను ఒకసారి ఉతికాకే దర్జీ దగ్గరకు తీసుకెళ్లండి. ముందే సరిచేయిస్తే ఉతికాక కుంచించుకుపోయి మళ్లీ అతని మీదికే గొడవకు వెళ్తారు.

బల్ల_అవతల:
నేను కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తాను. అంటే ఈ అబ్బాయి లాంటివాళ్లు కలవడానికి వచ్చేది నన్నే. నాకు కనిపించేవి చెబుతాను. లోపలికి వస్తుంటే బూట్లు. కూర్చున్నాక ప్యాంటు పైకి లేచి, పొట్టి సాక్సుకూ దానికీ మధ్య కనిపించే కాలు. చేయి చాపినప్పుడు అంచు చిట్లిన పట్టీ. ఫోనూ, తాళాలూ, పర్సూ కుక్కి ఉబ్బిన జేబులు. ఎవరు ఏ కంపెనీ సూటు వేసుకున్నారో ఒక్కరిదీ గుర్తులేదు.

మా దగ్గర సగం సమావేశాలు కర్మాగారంలో, యంత్రాల పక్కనే జరుగుతాయి. అక్కడికి నల్ల సూటులో, మెరిసే టైతో వచ్చిన మనిషి నూనె మరకలు తప్పించుకుంటూ నడుస్తుంటే మావాళ్లు మాటలు ఆపి అతన్నే చూస్తారు. ఆ రోజు అతను చెప్పిన ధర ఎవరికీ వినబడదు. కలవబోయే చోట ఎలా ఉంటారో ముందు రోజు ఫోన్ చేసి అడిగితే పోయేదేముంది? అడిగినవాళ్లను నేనెప్పుడూ తక్కువగా చూడలేదు.

సూటిమాట:
ఇంత చర్చ బట్టల మీదా? మనిషిని పనితో కొలవాలి. ఫేస్‌బుక్ జుకర్‌బర్గ్ హుడీ వేసుకునే కోట్ల డబ్బు సంపాదించాడు. గోల్డ్‌మన్ శాక్స్ లాంటి బ్యాంకు కూడా 2019లో సూటు నియమం సడలించింది. కాలం మారింది.

నీలికోటు:
2012లో పెట్టుబడిదారులను కలవడానికి హుడీలో వెళ్లిన ఆ జుకర్‌బర్గే 2018 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ముదురు రంగు సూటు, టైతో కూర్చున్నాడు. మొదటిసారి డబ్బు పెట్టడానికి పెట్టుబడిదారులు క్యూలో ఉన్నారు, రెండోసారి కాంగ్రెస్ సభ్యులు అతన్ని నిలదీశారు. హుడీ స్వేచ్ఛ ఎవరిది పైచేయి అయితే వాళ్లది. అమ్మడానికి వెళ్లే కొత్త కుర్రాడిది కాదు.

సూటిమాట:
ఆ పద్ధతే తప్పంటున్నాను నేను.

సందేహి:
తప్పే. ప్రిన్స్‌టన్ అధ్యయనం రాసినవాళ్లూ దాన్ని పక్షపాతమనే చూశారు, సూటు కొనమని సలహా ఇవ్వలేదు. సంగతి ఏమిటంటే ఈ అబ్బాయి సోమవారం నుంచి పనిలోకి వెళ్లాలి. లోకం ఆలోగా మారదు. నీలికోటు గారి చివరి మాటతో నాకు పేచీ లేదు. గౌరవంగా కనబడటానికి ఒకే ఒక్క సూటు దారి అనడంతోనే పేచీ.

కొత్త_ఉద్యోగి:
అందరికీ ధన్యవాదాలు. చొక్కాల వైపే మొగ్గుతున్నాను. కత్తెర గారు చెప్పిన ప్యాంటు అరుగుదల సంగతి నాకు అసలు తట్టలేదు. రెండు ప్యాంట్లకు బదులు ఒకటి తగ్గించి విడి కోటు ఒకటి తీసుకోవచ్చా? నీలికోటు గారు చెప్పినట్టు ఎదురుగా సూట్లు కనిపించే రోజూ ఒకటి వస్తుంది కదా.

నీలికోటు:
సగం దారికి వచ్చారు, సంతోషం. పెద్ద ఒప్పందం మీద సంతకాలు పెట్టే రోజున మిగతా సగం మీరే వస్తారు.

కత్తెర:
తీసుకోండి, కానీ ప్యాంటు తగ్గించకండి. చొక్కా ఒకటి తగ్గించండి. కోటు ముదురు నీలం, గీతలు లేకుండా, గుడ్డ మెరవకుండా ఉండాలి. ప్యాంట్లు బూడిద రంగులో లేతది ఒకటి, ముదురుది ఒకటి. నీలం ప్యాంటు వద్దు. కోటు నీలానికీ దానికీ కాస్త తేడా వచ్చినా సూటు కుదరక వేసుకున్నట్టు కనిపిస్తుంది. చొక్కాల్లో తెలుపు రెండు, లేత నీలం ఒకటి. బెల్టు బూట్ల రంగులోనే, గోధుమ రంగైతే రెండూ గోధుమ రంగే.

కోటుకు రెండు గుండీలు ఉంటే పైది పెట్టండి, కిందిది ఎప్పుడూ పెట్టవద్దు. కోటు నడుము ఆ గుండీ వదిలేసేలాగే కత్తిరిస్తారు. కూర్చునేటప్పుడు పైది కూడా తీసేయండి. చేయి కిందికి వదిలినప్పుడు కోటు చేతి కింద చొక్కా పట్టీ ఒక సెంటీమీటరు కనిపించాలి. కొత్త కోటు చేతి మీద కుట్టిన లేబులు విప్పించుకోండి, వెనుక చీలిక మీద అడ్డంగా వేసిన తాత్కాలిక కుట్టు కూడా. అవి కొట్టులో వేలాడేటప్పుడు ఉండాల్సినవి. వాటితోనే సమావేశాలకు వెళ్లేవాళ్లు నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నారు.

బల్ల_అవతల:
నాకూ.