మండలానికో ఫిజియోథెరపిస్టు అవసరమా, జిల్లా ఆసుపత్రి చాలదా?

ప్రశ్న (మండల కేంద్రంలోని ఫిజియోథెరపిస్టు):
నడుం నొప్పితో వచ్చేవారిని పది రోజులు రమ్మంటే, రెండు రోజులు యంత్రంతో కరెంటు పెట్టించుకొని మానేస్తున్నారు. 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య జాతీయ కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రులకు ఫిజియోథెరపీ విభాగాలు ఇవ్వాలని ఉంది. వాటినే పెంచితే మేలు. ఇక్కడ పసిపిల్లల నుంచి పక్షవాతం వచ్చిన ముసలివాళ్ల దాకా అందరినీ నేనొక్కడినే చూడాలి.

జవాబు (ఒక గృహిణి):
ఎందుకు మానేస్తున్నారో అడిగారా అండి? నాట్లకు వెళ్లే మనిషికి ఒక సిట్టింగు అంటే పూట కూలి పోవడం, పైగా ఆటో ఖర్చు. ఆమెకు ‘వంగవద్దు’ అంటే ఏం లాభం? వంగకుండా నాటు పడదు. మధ్యమధ్యలో లేచి నడుం వెనక్కి వంచడం నేర్పితే పొలం గట్టు మీదే చేసుకుంటుంది.

పక్షవాతానికైతే వైద్యం అసలు వాయిదా వేయలేం. కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే. అప్పుడు మనిషిని రోజూ జిల్లా కేంద్రానికి ఎవరు మోస్తారు? మా మామగారి కోసం ఇంటికి వచ్చినాయన ఏ యంత్రమూ తేలేదు. పడిపోయిన చేతిని పట్టి లేపవద్దని, భుజం కీలు జారుతుందని ముందుగా మమ్మల్ని హెచ్చరించారు. పక్కకు ఎలా తిప్పాలో, ఎలా కూర్చోబెట్టాలో మా చేత చేయించి చూపారు. ఆ నేర్పినదే మాకు వైద్యం.

జవాబు (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉపాధ్యాయురాలు):
మా దగ్గర సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా స్వాధీనంలో లేని స్థితి) ఉన్న పిల్లలకు వారానికోసారి ఫిజియోథెరపీ. మిగతా రోజులు తల్లే చేయించాలి. తల్లి మనసులో ధైర్యం నిలవాలంటే నేర్పినవారు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి. ఇంకొకటి, కాన్పు తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం జారే బాధకు వ్యాయామాలు ఉన్నాయి. కానీ ఆ మాట మగవారితో చెప్పుకునే వారెందరు? వారంలో ఒక రోజైనా మహిళా ఫిజియోథెరపిస్టును రప్పించండి.

ప్రశ్న అడిగినవారు:
యంత్రం పెట్టకపోతే ‘ఏమీ చేయకుండానే డబ్బు తీసుకున్నారు’ అంటారమ్మా. క్లినిక్ అద్దె ఎలా కట్టాలి?

జవాబు (ఒక గృహిణి):
నేర్పినందుకే తీసుకోండి, ఇస్తాం. ఏం నేర్పారో కాగితం మీద బొమ్మ గీసి ఇవ్వండి, చదువు రానివారికీ పనికొస్తుంది. సంత రోజున చీకటి పడేదాకా తెరిచి ఉంచండి. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ ఎలాగూ మండలానికే వస్తాయి.